అద్దెకిచ్చిన ఇల్లు: టాక్స్ లెక్క వేరు, జేబు లెక్క వేరు

ముందు ఒక నోట్‌బుక్ తీసుకుని పేజీ మధ్యలో నిలువుగా ఒక గీత గీయండి. ఎడమవైపు పైన "టాక్స్ లెక్క" అని, కుడివైపు పైన "జేబు లెక్క" అని రాయండి. అద్దె కోసం ఇల్లు కొన్నవాళ్ళు, కొనాలనుకునేవాళ్ళు చాలామంది ఇబ్బంది పడేది ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్లే. లోన్ తీసుకుంటే టాక్స్ మిగుల్తుంది, అద్దె ఎలాగూ వస్తుంది, ఈఎమ్ఐ దానంతట అదే తీరిపోతుంది అని ఎవరో చెప్తారు, మనం నమ్ముతాం, ఏడాది తిరిగేసరికి జీతంలోంచి నెలనెలా పాతిక వేలు ఎటు పోతున్నాయో అర్థం కాదు. కొన్ని ఖర్చులు టాక్స్ లెక్కలో ఉంటాయి కానీ జేబులోంచి పోవు, కొన్ని జేబులోంచి పోతాయి కానీ టాక్స్ లెక్కలో ఎక్కడా కనపడవు, అందుకే ఆ గీత.

ఇదంతా ఇండియాలో ఇల్లుండి ఇక్కడ రిటర్న్ వేసేవాళ్ళ కోసం రాస్తున్నా. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం పోయి 2025 చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, సెక్షన్ నంబర్లు మారాయి కానీ అద్దె ఆదాయం లెక్క వేసే పద్ధతి దాదాపు అదే, కాబట్టి నంబర్ల జోలికి పోకుండా విషయం చెప్తా.

ఎడమవైపు: టాక్స్ లెక్క

ఏడాదికి వచ్చిన అద్దె మొత్తం పైన రాయండి. మధ్యలో ఇల్లు ఒకటి రెండు నెలలు ఖాళీగా ఉండి అద్దె తగ్గితే, నిజంగా వచ్చినంతే రాసుకోవచ్చు. కానీ చుట్టుపక్కల 20 వేలు పలికే ఇంటిని బావమరిదికి 5 వేలకి ఇచ్చి 5 వేలే ఆదాయం అంటే కుదరదు, ఆ ఏరియాలో న్యాయంగా ఎంత రావాలో అదే లెక్కలోకి వస్తుంది.

అందులోంచి ముందు మున్సిపల్ టాక్స్ తీసేయండి. ఇక్కడ రెండు షరతులున్నాయి, ఓనరే కట్టాలి, ఆ ఆర్థిక సంవత్సరంలోనే కట్టేసి ఉండాలి. బాకీ ఉన్నది లెక్కలోకి రాదు. నేను ఒకసారి మార్చిలో కట్టాల్సింది ఏప్రిల్ 4న కట్టా, ఆ ఏడాదికి ఆ డిడక్షన్ పోయింది, తర్వాతి ఏడాదిలో వేసుకోవాల్సొచ్చింది. అదే పద్ధతిలో పాత బాకీలు ఈ ఏడాది కడితే అవి కూడా ఈ ఏడాదే తీసుకోవచ్చు. జీహెచ్ఎంసీ పరిధిలో వాళ్ళకి ఏప్రిల్‌లో ఏడాది మొత్తం ఒకేసారి కడితే 5 శాతం రిబేటు ఇస్తూ వస్తున్నారు, అలా కట్టేస్తే రసీదు కూడా ఆ ఆర్థిక సంవత్సరం మొదట్లోనే చేతిలో ఉంటుంది, మర్చిపోయే బాధ ఉండదు.

మిగిలిన దాంట్లోంచి 30 శాతం స్టాండర్డ్ డిడక్షన్. ఇది మీరు ఖర్చు పెట్టినా పెట్టకపోయినా ఇస్తారు, బిల్లులు అడగరు. అయితే దీనికి రెండో వైపు ఉంది. పెయింటింగ్, ప్లంబర్, లిఫ్ట్ రిపేరుకి అసోసియేషన్ వసూలు చేసింది, బ్రోకర్‌కి ఇచ్చింది, ఇన్సూరెన్స్, అగ్రిమెంట్ ఖర్చు, ఇవన్నీ ఆ 30 శాతంలోనే వచ్చేసినట్టు. విడిగా ఒక్క రూపాయి కూడా తీసుకోలేరు. మొదటి ఏడాది నేను ప్లంబర్ రసీదు నుంచి పెయింట్ డబ్బాల బిల్లు దాకా అన్నీ ఫైల్లో పెట్టుకుని ఆడిటర్ దగ్గరికి పోతే ఆయన ఫైలు తెరవకుండానే ఇవి అక్కర్లేదండీ, ఇంట్రెస్ట్ సర్టిఫికెట్, మున్సిపల్ రసీదు ఈ రెండే ఇవ్వండి అన్నారు. ఆ బిల్లులు దాచడం మాత్రం మానలేదు, కుడివైపు లెక్కకి అవే ఆధారం.

ఒక చిన్న జాగ్రత్త. మెయింటెనెన్స్‌ని అద్దెతో కలిపి 25,000 అని అగ్రిమెంట్ రాస్తే లెక్క 25,000 మీదే మొదలవుతుంది. అద్దె 22,000, మెయింటెనెన్స్ 3,000 టెనెంటే నేరుగా అసోసియేషన్‌కి కట్టాలి అని విడిగా రాసుకుంటే మీ ఆదాయం 22,000 మాత్రమే.

తర్వాత లోన్ మీద వడ్డీ. అద్దెకిచ్చిన ఇంటికి ఎంత వడ్డీ అయితే అంతా తీసుకోవచ్చు, పరిమితి లేదు. 2 లక్షలు లిమిట్ కదా అని అందరూ అంటారు, అది మనం ఉండే ఇంటి వడ్డీకి లిమిట్. అద్దె ఇంటి విషయంలో 2 లక్షలు ఇంకో చోట వస్తుంది, ఇప్పుడే చెప్తా. బ్యాంక్ లోనే అవ్వాలని కూడా లేదు, తెలిసినవాళ్ళ దగ్గర తీసుకున్న అప్పైనా ఆ ఇంటి కోసమే తీసుకున్నట్టు కాగితాలుండి, వడ్డీ ఎంతో వాళ్ళు రాసిస్తే చెల్లుతుంది. అపార్ట్‌మెంట్ కడుతున్నంతకాలం కట్టిన వడ్డీ కూడా వృథా కాదు, పూర్తయిన ఏడాదికి ముందు మార్చి 31 వరకు అయిన మొత్తాన్ని ఐదు సమాన భాగాలు చేసి పూర్తయిన ఏడాది నుంచి ఐదేళ్ళు తీసుకోవచ్చు. ఇది చాలామంది వదిలేస్తున్నారు, ఆ రోజుల స్టేట్‌మెంట్లు బ్యాంక్ నుంచి తీసి పెట్టుకోండి.

ఈఎమ్ఐలో అసలు భాగం ఇక్కడికి రాదు. అది పాత రెజీమ్‌లో (టాక్స్ లెక్కకి రెండు పద్ధతులున్నాయి, డిడక్షన్లు ఎక్కువుండేది పాత రెజీమ్, అవి తక్కువుండి రేట్లు తగ్గించింది కొత్త రెజీమ్) ఇదివరకటి చట్టంలో 80సీ అని పిలిచిన డిడక్షన్ కింద, పీఎఫ్, ఎల్ఐసీ అన్నిటితో కలిపి లక్షన్నర లోపల. ఆ లక్షన్నర చాలామందికి పీఎఫ్‌తోనే నిండిపోయి ఉంటుంది.

వడ్డీ తీసేశాక లెక్క మైనస్‌లోకి పోతే ఏంటి అన్నదే అసలు ప్రశ్న, ఇక్కడే రెజీమ్ తేడా. పాత రెజీమ్‌లో ఆ నష్టాన్ని జీతం మీద సర్దుకోవచ్చు, ఏడాదికి 2 లక్షల వరకే, మిగిలింది ఎనిమిదేళ్ళ దాకా ముందుకి తీసుకెళ్ళి అద్దె ఆదాయం మీద మాత్రమే సర్దుకోవాలి. కొత్త రెజీమ్‌లో వడ్డీ అద్దెకి సరిపడా తీసుకోవచ్చు గానీ నష్టం జీతం వైపుకి రాదు. 2023-24 నుంచి కొత్త రెజీమే డిఫాల్ట్, మీరు ఏమీ ఎంచుకోకపోతే అందులోనే ఉంటారు. పాతది కావాలంటే వ్యాపార ఆదాయం లేనివాళ్ళు ఏటా రిటర్న్‌లో ఎంచుకోవచ్చు కానీ గడువులోపు వేస్తేనే. "లోన్ తీసుకుంటే టాక్స్ మిగుల్తుంది" అన్న మాట పాత రెజీమ్ నాటిది, ఇప్పటికీ అందరూ అదే చెప్తున్నారు, మీరు ఏ రెజీమ్‌లో ఉన్నారో చూసుకోకుండా ఆ మాట మీద లోన్‌కి సంతకం పెట్టొద్దు.

కుడివైపు: జేబు లెక్క

ఇది అంకెలతో చూస్తేనే తెలుస్తుంది. ఉదాహరణకి 70 లక్షల ఫ్లాట్, 50 లక్షలు లోన్, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ళు అనుకుందాం. ఈఎమ్ఐ సుమారు 43,390 వస్తుంది, ఏడాదికి 5,20,700. మొదటి ఏడాది అందులో వడ్డీ 4,21,000 దాకా, అసలు లక్ష లోపే. అద్దె నెలకి 22,000, ఒక నెల ఖాళీ, అంటే 11 నెలలకి 2,42,000.

టాక్స్ లెక్క: 2,42,000 లోంచి మున్సిపల్ టాక్స్ 8,000 పోతే 2,34,000. అందులో 30 శాతం 70,200 పోతే 1,63,800. వడ్డీ 4,21,000 తీసేస్తే 2,57,200 నష్టం. పాత రెజీమ్‌లో 30 శాతం స్లాబ్‌లో ఉన్నవాళ్ళకి 2 లక్షల మీద, సెస్ (టాక్స్ మీద వేసే అదనపు పన్ను) కూడా కలిపి 62,400 టాక్స్ తగ్గుతుంది, 57,200 ముందుకి పోతుంది. కొత్త రెజీమ్‌లో అద్దె మీద టాక్స్ సున్నా, అంతవరకే లాభం.

జేబు లెక్క: అదే 2,42,000 లోంచి మున్సిపల్ టాక్స్ 8,000, ఖాళీ నెలలో మనమే కట్టిన మెయింటెనెన్స్ 3,000, బ్రోకర్‌కి 11,000, పెయింటింగ్, రిపేర్లకి 24,000 పోతే మిగిలేది 1,96,000. ఈఎమ్ఐ 5,20,700. ఏడాదికి 3,24,700 చేతినుంచి పడుతుంది, నెలకి 27,000 పైమాటే. పాత రెజీమ్‌లో ఆ 62,400 కలుపుకున్నా నెలకి దాదాపు 21,900 మన జీతంలోంచే పోవాలి. ఇందులో లక్ష దాకా అసలు తీరుతోంది, అది మన ఆస్తే, కాదనను. కానీ పిల్లల ఫీజు కట్టాల్సిన రోజున ఆ తీరిన అసలు చేతికి రాదు.

ఇంకో విషయం నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఈఎమ్ఐ అంతే ఉంటుంది గానీ అందులో వడ్డీ తగ్గి అసలు పెరుగుతుంది, అద్దె కూడా పెరుగుతుంది. ఇదే లోన్‌కి 12వ ఏడాది వడ్డీ 2,68,000 దగ్గరికి దిగుతుంది. అద్దె ఏటా 5 శాతం పెరిగిందనుకుంటే నెలకి 37,600, పదకొండు నెలలకి 4,14,000 దాకా. మున్సిపల్ టాక్స్ 12,000 తీసి, 30 శాతం తీసి, వడ్డీ తీస్తే 13 వేల చిల్లర మిగుల్తుంది, అంటే టాక్స్ లెక్కలో లాభం మొదలైంది. అదే ఏడాది జేబులో చూడండి, మున్సిపల్ టాక్స్ కాకుండా మిగతా ఖర్చులు 60,000 వేసుకుంటే 3,42,000 మిగిలి, ఈఎమ్ఐకి ఇంకా దాదాపు 1,79,000 తక్కువ. చేతినుంచి పడుతూనే ఉంది, పైగా టాక్స్ కూడా మొదలైంది. అసలు భాగానికి డిడక్షన్ లేకపోవడం వల్ల ఇలా జరుగుతుంది. ముందుకి తెచ్చుకున్న పాత నష్టాలేమైనా ఎనిమిదేళ్ళ గడువులో మిగిలి ఉంటే అవి కొంత కాపాడతాయి, లేకపోతే లేదు. అందుకే మొదటి ఏడాది లెక్క ఒక్కటే వేసి ఆగిపోకండి, అయిదో ఏడాది, పన్నెండో ఏడాది కూడా వేసి చూడండి, బ్యాంక్ ఇచ్చే అమార్టైజేషన్ షెడ్యూల్ (ప్రతి ఈఎమ్ఐలో వడ్డీ ఎంత, అసలు ఎంత చూపించే పట్టిక) ముందు పెట్టుకుంటే పావుగంట పని.

లోన్ లేకుండా కొన్నవాళ్ళకి లెక్క తేలిక. పై ఉదాహరణలోనే 1,63,800 ఆదాయం, 30 శాతం స్లాబ్ అయితే 51,100 టాక్స్, జేబులో 1,44,900 మిగులు, 70 లక్షల మీద అది 2 శాతం చిల్లర. అదే రిటైరైన వాళ్ళు, మొత్తం ఆదాయం 12 లక్షల లోపు ఉండి కొత్త రెజీమ్‌లో ఉంటే 2025-26 నుంచి రిబేటు వల్ల ఆ అద్దె మీద టాక్సే ఉండదు. అందుకే ఇంట్లో ఎవరి పేరు మీద ఉందన్నది పెద్ద విషయం, దాని గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి.

ఎవరి పేరు మీద

మనవైపు చాలా ఇళ్ళల్లో "ఆవిడ పేరు మీద పెట్టేద్దాం, ఆవిడకి వేరే ఆదాయం లేదు కదా" అంటారు. భార్య పేరు మీద ఆస్తి ఉండటం మంచిదే, నేను దానికి పూర్తిగా అనుకూలం. కానీ టాక్స్ మిగుల్తుందని మాత్రం అనుకోవద్దు. భర్త తన ఇంటిని డబ్బు తీసుకోకుండా భార్య పేరుకి మార్చినా, భర్త ఇచ్చిన డబ్బుతో ఆవిడ కొన్నా, ఆ అద్దె భర్త ఆదాయంలోనే కలుపుతారు. ఆవిడ సొంత జీతం, పుట్టింటివాళ్ళు ఇచ్చిన డబ్బు, ఆవిడ నగలు అమ్మిన డబ్బు పెడితే అప్పుడు ఆ వాటా ఆవిడదే. ఆ డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో బ్యాంక్ ద్వారా కనపడేలా చూసుకోండి.

ఇద్దరికీ సంపాదన ఉంటే జాయింట్‌గా కొనడం నిజంగా ఉపయోగం. వాటాలు రిజిస్ట్రేషన్ పత్రంలోనే స్పష్టంగా రాయించుకోవాలి, లోన్‌లో కూడా ఇద్దరూ ఉండాలి, అప్పుడు అద్దె, వడ్డీ వాటాల ప్రకారం విడిపోతాయి, పాత రెజీమ్‌లో నష్టం సర్దుకునే 2 లక్షలు ఒక్కొక్కరికీ విడిగా వస్తుంది. పత్రంలో పేరుండి లోన్‌లో లేకపోయినా, లోన్‌లో ఉండి పత్రంలో లేకపోయినా వడ్డీ అడగడం కష్టం.

పిల్లలు అమెరికాలో ఉండి ఇక్కడ వాళ్ళ ఫ్లాట్ అద్దె నాన్నగారి అకౌంట్లో పడుతున్న ఇళ్ళు లెక్కలేనన్ని. డబ్బు ఎవరి అకౌంట్లో పడ్డా ఆదాయం ఓనర్‌దే, అంటే అబ్బాయిదో అమ్మాయిదో. ఓనర్ ఎన్ఆర్ఐ అయితే అద్దె ఎంత చిన్నదైనా టెనెంట్ టీడీఎస్ (అద్దె ఇచ్చేముందే టాక్స్ కింద కొంత పట్టుకుని ప్రభుత్వానికి కట్టడం) కట్ చేయాలి, సెస్‌తో కలిపి 31.2 శాతం. చాలామంది టెనెంట్లకి ఇది తెలీదు, తెలిశాక భయపడి ఖాళీ చేసేస్తారు. తక్కువ రేటుకి కట్ చేసేలా ఓనర్ ముందే డిపార్ట్‌మెంట్‌లో సర్టిఫికెట్‌కి అప్లై చేసుకోవచ్చు, కట్ అయిన దాంట్లో ఎక్కువైంది రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు, కానీ ఆ వచ్చేదాకా జేబు లెక్కలో అది లేనట్టే.

డబ్బు ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు పోతుంది

ఇక్కడ ఉండే ఓనర్లకి కూడా టీడీఎస్ ఉంది. నెలకి 50,000 దాటి అద్దె ఇచ్చే మామూలు టెనెంట్ 2 శాతం కట్ చేయాలి, ఇది 2024 అక్టోబర్ 1 కి ముందు 5 శాతం ఉండేది. వాళ్ళు సాధారణంగా ఏడాది చివర్లోనో ఖాళీ చేసే నెలలోనో ఏడాది మొత్తానికి కలిపి ఒకేసారి కట్ చేస్తారు, కాబట్టి మార్చి అద్దె తగ్గి వస్తే కంగారు పడొద్దు, సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. కంపెనీకి లీజుకిస్తే, అద్దె నెలకి 50,000 దాటితే 10 శాతం నెలనెలా కట్ అవుతుంది.

జీతంలోంచి టాక్స్ కట్ అవుతోంది కదా అని అద్దె ఉన్నవాళ్ళు ధీమాగా ఉంటారు. టీడీఎస్ పోను కట్టాల్సిన టాక్స్ ఏడాదికి 10,000 దాటితే అడ్వాన్స్ టాక్స్ కట్టాలి, జూన్ 15, సెప్టెంబర్ 15, డిసెంబర్ 15, మార్చి 15 గడువులు, తప్పితే నెలకి 1 శాతం చొప్పున వడ్డీ పడుతుంది. 60 దాటి వ్యాపార ఆదాయం లేనివాళ్ళకి ఇది లేదు. ఉద్యోగం చేసేవాళ్ళకి నేను చెప్పేది, అద్దె ఆదాయం ఆఫీసులో డిక్లేర్ చేసేయండి, వాళ్ళే జీతంలోంచి నెలకింత కట్ చేస్తారు, ఒక్కసారిగా జులైలో పెద్ద మొత్తం కట్టే బాధ తప్పుతుంది.

అడ్వాన్స్‌గా తీసుకున్న డిపాజిట్ తిరిగి ఇవ్వాల్సిందే కాబట్టి అది ఆదాయం కాదు, టాక్స్ లేదు. అదే కారణంతో దాన్ని ఖర్చు పెట్టకండి. టెనెంట్ నెల ముందు చెప్పి వెళ్ళిపోతే ఆ నెలలోనే డిపాజిట్ తిరిగివ్వాలి, పెయింటింగ్ వేయించాలి, బ్రోకర్‌కి ఇవ్వాలి, అద్దె రాదు, ఈఎమ్ఐ ఆగదు, ఇవన్నీ ఒకే నెలలో మీదపడతాయి. నేను విడిగా ఒక సేవింగ్స్ అకౌంట్ తెరిచి అద్దె అందులోనే వేయించుకుంటా, మున్సిపల్ టాక్స్, రిపేర్లు అందులోంచే, డిపాజిట్ అందులో ముట్టుకోకుండా ఉంటుంది, దానికి తోడు మూడు నెలల ఈఎమ్ఐ ఎప్పుడూ ఉండేలా చూసుకుంటా. ఏడాది చివర్లో ఆ ఒక్క పాస్‌బుక్ చూస్తే కుడివైపు లెక్క మొత్తం అదే చెప్పేస్తుంది.

అద్దె చూపించకుండా దాటేద్దాం అనుకునేవాళ్ళకి ఒక మాట. ఏడాదికి లక్ష దాటితే టెనెంట్ హెచ్ఆర్ఏ (జీతంలో వచ్చే ఇంటద్దె అలవెన్సు) మీద టాక్స్ తగ్గించుకోవడం కోసం ఆఫీసులో మీ పాన్ నంబర్ ఇస్తాడు. ఇద్దరి లెక్కలు పోల్చి చూడటం డిపార్ట్‌మెంట్‌కి ఇప్పుడు చిన్న పని. 30 శాతం, వడ్డీ తీసేశాక చాలామందికి పడే టాక్స్ తక్కువే, దానికోసం నోటీసు తెచ్చుకోవడం ఎందుకు.

ఇంకొన్ని చిన్న విషయాలు. సొంతానికి రెండు ఇళ్ళ దాకా సున్నా ఆదాయంగా చూపించొచ్చు, మూడోది ఉంటే తాళం వేసి ఉంచినా అద్దె వచ్చినట్టే లెక్క వేస్తారు, కాబట్టి మూడో ఇంటిని ఊరికే ఖాళీగా ఉంచడం రెండు వైపులా నష్టం. టెనెంట్ అద్దె ఎగ్గొట్టి పోతే ఆ రాని అద్దెని ఆదాయంలోంచి తీసేయొచ్చు, కానీ వాడు ఖాళీ చేసి ఉండాలి లేదా చేయించడానికి ప్రయత్నించి ఉండాలి, వసూలుకి చట్టపరంగా అడుగు వేసినట్టో, వేసినా దండగే అని చూపించేట్టో కాగితాలు ఉండాలి, అందుకే వాట్సాప్‌లో తిట్టుకోవడంతో ఆపకుండా లాయర్ నోటీసు పంపండి. అమ్మేటప్పుడు, రెండేళ్ళు దాటి ఉంచుకున్న ఇల్లయితే లాభం మీద 12.5 శాతం లాంగ్ టర్మ్ టాక్స్, 2024 జులై 23 కి ముందు కొని, ఇండియాలోనే ఉండేవాళ్ళకి, కొన్న ధరని ధరల పెరుగుదల మేరకు పెంచి చూసే ఇండెక్సేషన్‌తో 20 శాతం లెక్క కూడా వేసి ఏది తక్కువైతే అది కట్టే వీలుంది. ఏటా డిడక్షన్ తీసుకున్న వడ్డీని అప్పుడు మళ్ళీ కొన్న ధరలో కలుపుతానంటే కుదరదు, 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి ఆ దారి మూసేశారు.

ఏప్రిల్ మొదటివారంలో బ్యాంక్ నుంచి పోయిన ఏడాది ఇంట్రెస్ట్ సర్టిఫికెట్ తీసుకుని, మున్సిపల్ రసీదు, అద్దె పడ్డ అకౌంట్ స్టేట్‌మెంట్ పక్కన పెట్టుకుని ఆ పేజీ రెండు వైపులా నింపండి, రెండు రెజీమ్‌లలోనూ ఎడమవైపు లెక్క విడివిడిగా వేయండి. జులై 31 దాకా టైమ్ ఉంది కదా అని ఆగితే ఆ నెలలో ఆడిటర్లు దొరకరు, ఏ రెజీమ్ ఎంచుకోవాలో తీరిగ్గా ఆలోచించే సమయమూ ఉండదు.